వేడినీళ్ల లైన్ బెండ్ మళ్ళీ పోయింది, కారణం తెలిసినవాళ్ళు చెప్పండి

యర్రగుంట్ల మెయింటెనెన్స్: రాత్రి నుంచి ప్లాంట్‌లోనే ఉన్నా. కిందటి షట్‌డౌన్‌లో మార్చిన బెండే మళ్ళీ లీకైంది. కోసి చూస్తే తుప్పు పొడి లేదు, లోపల నల్లగా నున్నగా, చేప పొలుసుల్లాంటి గుంటలు. వంపు బయటి వైపు రేకులా పల్చబడింది, లోపలి వైపు మందం బాగానే ఉంది. పైన మేనేజర్ తొందర పెడుతున్నాడు. ఏం చేయాలి?

అనంతపురం వాటర్ ట్రీట్‌మెంట్: మన సీమ బోరు నీళ్ళే కారణం సార్. హార్డ్‌నెస్ ఎక్కువ, అనంతపురం వైపు ఫ్లోరైడ్ కూడా. ముందు సాఫ్ట్‌నర్ రెజిన్ (హార్డ్‌నెస్ తీసేసే పూసలు) చూడండి. ఉప్పుతో రీజనరేట్ సరిగ్గా చేయక ఎన్ని బాయిలర్లు పాడయ్యాయో నేను కళ్ళారా చూశా.

పవర్‌ప్లాంట్ కెమిస్ట్: ఏ లైను? మెటీరియల్? టెంపరేచర్? పీహెచ్?

యర్రగుంట్ల మెయింటెనెన్స్: వేస్ట్ హీట్ బాయిలర్ అన్నా, వృథాగా పోయే వేడితో నడిచేది. ఎకనామైజర్ (నీళ్ళని ముందే వేడిచేసే భాగం) నుంచి రెండో బాయిలర్‌కి పోయే లైను. 150 డిగ్రీలు ఉంటుంది. మామూలు కార్బన్ స్టీలే. నీళ్ళు డీఎం ప్లాంట్‌వి (లవణాలు తీసేసినవి), బోరువి కాదు.

తాడిపత్రి ఫిట్టర్: ఇది ఎరోజన్ బ్రదర్. బెండ్‌లో నీళ్ళు గోడకు కొట్టి కొట్టి ఇనుము అరిగిపోతుంది. లోపల హార్డ్‌ఫేసింగ్ (గట్టి లోహం పూత) చేయించు.

పవర్‌ప్లాంట్ కెమిస్ట్: కాదు. బూడిద లైన్లో బెండ్ అరగడం వేరు, అక్కడ గరుకు పదార్థం ఉంటుంది. ఇక్కడ శుభ్రమైన నీళ్ళు. ఇది ఫ్లో యాక్సిలరేటెడ్ కరోజన్, అంటే ప్రవాహం వల్ల పెరిగే తుప్పు. కార్బన్ స్టీల్‌కి లోపల నల్లటి మాగ్నటైట్ (ఐరన్ ఆక్సైడ్) పొరే రక్ష. బెండ్‌లో నీళ్ళు సుడి తిరిగేచోట గోడనంటిన నెమ్మది పొర పల్చనై, కరిగిన ఇనుము వెంటనే కొట్టుకుపోతుంది, దాంతో మాగ్నటైట్ ఇంకా కరుగుతుంది, ఆ లోటు పూడ్చడానికి గోడలోని ఇనుమే మళ్ళీ పొరగా మారుతుంది. ఇలా గోడ తరుగుతూనే ఉంటుంది. 150 డిగ్రీల చుట్టుపక్కలే ఇది ఉధృతం. పీహెచ్ తక్కువైనా, ఆక్సిజన్‌ని పూర్తిగా పీల్చేసే కెమికల్ అతిగా పోసినా ఎక్కువవుతుంది. ఆక్సిజన్ సున్నా అయితే చాలు అనుకోవడం ఇక్కడ చెల్లదు. హార్డ్‌ఫేసింగ్ వద్దు, క్రోమియం కావాలి. 1.25 శాతం క్రోమియం ఉన్న పీ11 రకం స్టీల్ బెండ్ వేయండి.

తాడిపత్రి ఫిట్టర్: పేరేదైనా గోడ అరిగిందిగా. పీ11 అయితే ప్రీహీట్ (ముందు వేడిచేయడం) లేకుండా వెల్డ్ చేయకండి, వెల్డింగ్ రాడ్ కూడా వేరే. మామూలు రాడ్‌తో కానిచ్చేస్తే పగులు వస్తుంది.

అనంతపురం వాటర్ ట్రీట్‌మెంట్: డీఎం అయినా నీళ్ళలోకి సిలికా తప్పించుకు వస్తోందేమో చూడాల్సిందే కదా.

పవర్‌ప్లాంట్ కెమిస్ట్: సిలికా తర్వాత చూడొచ్చు. బయట ప్యాచ్ కొట్టి నడపొద్దు. అమెరికాలో సర్రీ అణు విద్యుత్ కేంద్రంలో 1986లో ఇలాంటి బెండే పగిలి 4 మంది పోయారు. జపాన్ మిహామాలో 2004లో 5 మంది, అక్కడ ఆరిఫిస్ (ప్రవాహం కొలిచే చిల్లు పలక) తర్వాతి పైపు. రెండూ కార్బన్ స్టీలే. బెండ్ బయటి వంపుతో పాటు దాని తర్వాతి పైపులో కూడా గడులు గీసి, గోడ మందానికి అల్ట్రాసోనిక్ రీడింగులు తీయండి. అది బాయిలర్ చట్టం కింద వచ్చే లైను, ఇన్‌స్పెక్టర్‌కి చెప్పకుండా మార్చొద్దు.

యర్రగుంట్ల మెయింటెనెన్స్: రీడింగులు తీయిస్తున్నాం. పక్కనున్న టీ జాయింట్ (మూడు పైపులు కలిసే చోటు) దగ్గర కూడా మందం తగ్గింది. పీ11 దొరికేదాకా ఆ బాయిలర్ ఆపేశాం. థ్యాంక్స్ అందరికీ.

పవర్‌ప్లాంట్ కెమిస్ట్: పీహెచ్ ఇంకా చెప్పలేదు. అది సరిచేయకపోతే పీ11 బెండ్ నిలుస్తుంది గానీ, దాని వెంటే ఉన్న కార్బన్ స్టీల్ పైపు తరుగుతుంది.