ఈ-సైక్లింగ్‌లో బరువు మోసం: సైన్స్ ఫెస్టివల్‌లో చూపడం ఎలా?

డిజిటల్ క్రీడల నైతికతపై సాధారణ ప్రేక్షకుల కోసం 20 నిమిషాల ప్రదర్శన. జ్విఫ్ట్ అనేది ట్రైనర్‌కు (సైకిల్‌ను బిగించి ఉన్నచోటే తొక్కే యంత్రం) కలిపే యాప్; మన శక్తి, మనం చెప్పిన బరువు బట్టి తెరమీది రైడర్ వేగం ఉంటుంది. అందులో 75 కిలోల మనిషి 250 వాట్లతో తొక్కితే కిలోకు 3.33 వాట్లు, ప్రొఫైల్‌లో బరువు 65 అని తప్పుగా కొడితే 3.85. ఎత్తు ఎక్కేటప్పుడు తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, చదునులో అంతగా తెలియదు. ఈఆర్‌జీ మోడ్‌లో (ట్రైనరే వాట్లను ఒకే స్థాయిలో నిలిపే పద్ధతి) 250 దగ్గర బిగిస్తే రెండుసార్లూ శ్రమ ఒకటే. (2019 బ్రిటిష్ ఈ-రేసింగ్ టైటిల్ రద్దు ఇక్కడ పనికిరాదు, అది బరువుది కాదు, బాట్ (తనంతట తానే నడిచే ప్రోగ్రామ్) వ్యవహారం.)

చిక్కల్లా పెడల్ పవర్ మీటర్‌తో (పెడల్ దగ్గరే వాట్లు కొలిచే పరికరం). చైన్ దగ్గర కొంత శక్తి పోతుంది కాబట్టి అది ట్రైనర్ కన్నా కాస్త ఎక్కువ చూపిస్తుంది. ట్రైనర్‌ను వేడెక్కించి స్పిన్‌డౌన్ (కొలత సరిచేసే ప్రక్రియ) చేయకపోతే తేడా ఇంకా పెరగొచ్చు. జనం దాన్నే మోసం అనుకుంటారు. డ్యూయల్ రికార్డింగ్ (రెండు పరికరాల కొలతలూ ఒకేసారి నమోదు చేసే) గ్రాఫ్‌లో ఈ సహజమైన తేడాను విడిగా ఎలా చూపాలి? తొక్కడానికి ముందుకొచ్చే పిల్లల అసలు బరువు తెరమీద పెట్టడం సబబు కాదు. ఊహా బరువుతో నడిపిస్తే విషయం పలచబడుతుందా?