అప్‌డేట్: నాయనతో సైలెంట్ వ్యాలీ వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న మా నాయనను నెల్లూరు నుంచి కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవికి తీసుకెళ్లొచ్చా, జలగల బెడద ఎంత అని పోయిన నెల అడిగాను కదా. వెళ్లొచ్చాం.

రాత్రి రైలెక్కి పాలక్కాడ్‌లో దిగి, మన్నార్కాడ్ మీదుగా ముక్కాలి చేరాం. అక్కడి నుంచి సొంత కారు పోనివ్వరు. సఫారీ జీపు, వెంట గైడు తప్పనిసరి. అడవి లోపల జీపు ఆగే చోటు సైరంధ్రి, అక్కడిదాకా 23 కిలోమీటర్లు. నా ఒళ్లు హూనమైంది. నాయన మాత్రం "మన ఉదయగిరి కొండకంటే నయమే" అన్నాడు.

సగం దారిలో గైడు జీపు ఆపించి పైకి చూపించాడు. ముళ్ల కాయను పళ్లతో చీలుస్తూ సింహపు తోక కోతి! నల్లటి ఒళ్లు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు. గింజ తిని తొక్క మా బానెట్ మీద పడేసింది. పులి కనబడలేదు, ఆ ఆశ నాకు ముందే లేదు లెండి.

కుంతి నది వంతెన దాకా ఒకటిన్నర కిలోమీటరు నడక. దిగడం తేలికే, తిరిగి ఎక్కేటప్పుడే ఆయాసం. అందుకే నాయన సైరంధ్రిలోనే కూర్చున్నాడు. 30 మీటర్ల వాచ్ టవర్ కూడా నేనొక్కడినే ఎక్కాను.

జలగలంటారా, మీరు చెప్పినట్టే ఉప్పు మూట కట్టుకెళ్లాను. అంత నడిచిన నాకు రెండే పట్టాయి. కదలకుండా కూర్చున్న నాయనకు ఐదు!