మావాడు పైలట్ అవుతానంటున్నాడు, ఏం చెయ్యమంటారు?

ప్రశ్న (రాయగడ): 2022లో భువనేశ్వర్‌లో సూర్యకిరణ్ (వైమానిక దళం విన్యాసాల జట్టు) విన్యాసాలు చూసొచ్చిన దగ్గర్నుంచీ ఇదే పాట. తొమ్మిది హాక్ జెట్లు రెక్కా రెక్కా రాసుకుంటున్నట్టే తిరిగాయి. వాడు చప్పట్లు, నేను కళ్లు మూసుకోవడం! అంత ప్రమాదమా?

జవాబు (సునాబెడ): బాబూ, విమానాల ఇంజన్ ఫ్యాక్టరీలో రిటైరైనోణ్ని. సుఖోయ్ ఇంజన్ల చప్పుడుకి సగం చెవుడొచ్చింది, అది వేరే కథ. ఆరు 'జి'ల (అంటే భూమి లాగే బలానికి ఆరు రెట్లు) మలుపులో డెబ్బై కిలోల మనిషి బరువు నాలుగువందల ఇరవై. నెత్తురు కాళ్లకి దిగిపోయి కళ్లు చీకట్లు కమ్ముతాయి. పొట్టా తొడలూ బిగబట్టి ఊపిరి పట్టాల. దానికంటే భయం ఎత్తు తక్కువవడం. తప్పు దిద్దుకోడానికి కింద జాగా ఉండదు.

జవాబు (బరంపురం): 2010లో బేగంపేటలో నౌకాదళం విమానం కూలి ఇద్దరు పోయారు. 2019లో యలహంకలో రిహార్సల్లోనే రెండు సూర్యకిరణ్‌లు గుద్దుకున్నాయి, ఒకరు పోయారు.

ప్రశ్న అడిగినాయన: ఇదంతా వాడికి చదివి వినిపించాను. "ఆరు జి అంటే ఎలా ఉంటది నాన్నా?" అంటున్నాడు.