1976 బ్రిటన్‌కు అత్యుత్తమ సంవత్సరమేనా?

కార్డిఫ్ ప్రవాసి (చర్చ ప్రారంభం)

న్యూ ఎకనామిక్స్ ఫౌండేషన్ అనే సంస్థ 2004లో ఒక లెక్క వేసింది. జాతీయోత్పత్తి ఒక్కదానితో సరిపెట్టకుండా ఇంటిపని విలువను కలిపి, కాలుష్యం, నేరాలు, అసమానతల వల్ల కలిగే నష్టాన్ని తీసివేసి చూస్తే, 1950 తర్వాత బ్రిటన్ ప్రజలు అన్నిటికంటే బాగా బ్రతికిన సంవత్సరం 1976 అని తేల్చింది. ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

అప్పుడు నాకు పదేళ్ళు. గుంటూరులో వైద్యం చదివిన నాన్నగారు దక్షిణ వేల్స్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవారు. జూన్ 23 నుంచి జూలై 7 వరకు వరుసగా 15 రోజులు ఇంగ్లండ్‌లో ఏదో ఒకచోట ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటింది. తోటల్లో అక్షింతల పురుగులు గుంపులు గుంపులుగా వాలేవి. రేడియో పెడితే ఎల్టన్ జాన్, కికీ డీ కలిసి పాడిన యుగళగీతమే వినబడేది. అది 6 వారాలపాటు మొదటి స్థానం వదలలేదు. టీవీలో ఉన్నవి 3 ఛానళ్ళే కనుక, రాత్రి చూసిన కార్యక్రమం గురించి మరునాడు బడిలో అందరం మాట్లాడుకోగలిగేవాళ్ళం. ఆగస్టుకు మా ప్రాంతంలో నీటి సరఫరాకు కోతలు పెట్టారు. వీధి కుళాయి దగ్గర బకెట్లతో నిలబడిన వేల్స్ ఆడవాళ్ళకు, కుళాయి దగ్గర వంతు ఎలా పాటించాలో బాగా తెలిసిన మా అమ్మ ఒక్క వారంలో స్నేహితురాలైపోయింది. కరవు వ్యవహారాలు చూడమని ప్రధాని కలహన్ డెనిస్ హోవెల్‌ను నియమించిన కొద్ది రోజులకే వానలు మొదలయ్యాయి.

అంత కలిసికట్టుగా ఉన్న బ్రిటన్‌ను నేను మళ్ళీ చూడలేదు. మీరేమంటారు?

హారో పాఠకురాలు

ప్రవాసి గారూ, మీ అమ్మగారి కుళాయి స్నేహం చదివి సంతోషించాను. దానిని కాదనడం నా ఉద్దేశం కాదు. కానీ "అత్యుత్తమం" అన్న మాటను నేను ఒప్పుకోలేను.

మీరు చెప్పిన ఎండలు మొదలవడానికి మూడు వారాల ముందు, జూన్ 4న, లండన్‌లో భారతీయులు ఎక్కువగా ఉండే సౌతాల్‌లో గుర్దీప్ సింగ్ చగ్గర్ అనే 18 ఏళ్ళ విద్యార్థిని కత్తితో పొడిచి చంపారు. సౌతాల్ యువకులు సంఘంగా ఏర్పడి వీధుల్లోకి వచ్చింది అప్పుడే. ఆగస్టు 5న బర్మింగ్‌హామ్ కచేరీలో ఎరిక్ క్లాప్టన్ వేదిక మీద నుంచే, వలసలను తీవ్రంగా వ్యతిరేకించిన రాజకీయ నాయకుడు ఇనాక్ పావెల్‌ను సమర్థించి, విదేశీయులు దేశం విడిచి పోవాలన్నాడు. రెండేళ్ళ క్రితం అదే గాయకుడికి అమెరికాలో మొదటి స్థానం తెచ్చిపెట్టిన పాట జమైకా వాడైన బాబ్ మార్లే రాసినది. ఆ మాటలకు జవాబుగానే 'రాక్ అగెనెస్ట్ రేసిజం' ఉద్యమం పుట్టింది. కనుక ఆ ఏటి సంగీతం గురించి చెప్పేటప్పుడు రేడియోలో వచ్చిన యుగళగీతంతో ఆపడం న్యాయం కాదు.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఫోటోల గురించి. ఆ వేసవి గురించి ఎవరు మాట్లాడినా ఆల్బమ్ తెరిచి, ఎండిన గడ్డి మీద పిల్లలు ఆడుతున్న రంగుల ఫోటోలు చూపిస్తారు. ఆ రోజుల్లో చాలామంది ఫిల్మ్ రీలును కవరులో పెట్టి పోస్టులో పంపి కడిగించుకునేవారు. అలా కడిగే సంస్థల్లో ఒకటి వాయవ్య లండన్‌లోని గ్రన్విక్. సెలవుల కాలంలో రీళ్ళు కుప్పలుగా వచ్చిపడేవి కనుక ఆ నెలల్లో అక్కడ అదనపు గంటల పని తప్పనిసరి. ఆ పని చేసినవారిలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన భారతీయ స్త్రీలు. ఆగస్టు 20న, అదే ఎండల్లో, జయాబెన్ దేశాయ్ పని వదిలి బయటికి నడిచారు. కొద్ది రోజుల్లోనే ఆమె వెనుక వందకు పైగా కార్మికులు నిలిచారు. యూనియన్‌ను గుర్తించమన్నదే వారి కోరిక. దాదాపు రెండేళ్ళు గేటు ముందు నిలబడ్డారు. 1978 జూలైలో గెలవకుండానే సమ్మె ముగిసింది.

దేశమంతా ఇప్పటికీ తిరగేసుకుంటున్న ఆ సంతోషాలలో ఎన్నో ఆ స్త్రీల చేతుల మీదుగా అచ్చయ్యాయి. వారికి ఆ వేసవి ఎలా గడిచిందో ఆ ఫోటోల్లో కనబడదు.

క్రికెట్ అభిమాని, విజయవాడ

పాఠకురాలి గారి మాటలతో ఏకీభవిస్తూనే, అదే ఏడాదిలో అవమానానికి జవాబు కూడా దొరికిందని గుర్తు చేయాలనుకుంటున్నాను. వెస్టిండీస్ జట్టును తమ ముందు సాగిలపడేలా చేస్తామని ఇంగ్లండ్ కెప్టెన్ టోనీ గ్రెగ్ సిరీస్‌కు ముందు టీవీలో అన్నాడు. అతడు వర్ణవివక్ష పాలనలో ఉన్న దక్షిణాఫ్రికాలో పుట్టిన తెల్లవాడు కావడంతో ఆ మాట మరింత గుచ్చుకుంది. వివియన్ రిచర్డ్స్ ఒక టెస్టు ఆడకపోయినా 829 పరుగులు చేశాడు. చివరి టెస్టు జరిగిన ఓవల్ మైదానం నీళ్ళు లేక గోధుమరంగుకు తిరిగిపోయింది. బౌలర్లకు ఏమాత్రం సహకరించని ఆ పిచ్ మీద మైకేల్ హోల్డింగ్ 149 పరుగులిచ్చి 14 వికెట్లు తీశాడు. సిరీస్ 3-0తో వెస్టిండీస్‌దే. గ్రెగ్ స్వయంగా కరీబియన్ ప్రేక్షకుల ముందు మోకాళ్ళ మీద, చేతుల మీద పాకి తన మాటకు ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు. లండన్ బస్సులు నడిపే, ఆసుపత్రుల్లో పనిచేసే జమైకన్లకు అది ఎంతటి వేసవో ఊహించండి. వారిని అడిగితే 1976 మంచి సంవత్సరమనే చెప్పేవారేమో.

హారో పాఠకురాలు

ఆ టెస్టు ముగిసిన రెండు వారాలలోపే, ఆగస్టు 30న, లండన్‌లో కరీబియన్లు జరుపుకునే నాటింగ్‌హిల్ కార్నివాల్‌లో పోలీసులకూ కరీబియన్ యువకులకూ మధ్య ఘర్షణలు చెలరేగాయండి. అయితే నవంబరులో జాతి సంబంధాల చట్టం వచ్చిందన్నది కూడా నిజం. ఉద్యోగంలో, ఇల్లు అద్దెకివ్వడంలో పైకి కనబడని వివక్షను సైతం అది నేరుగా పట్టించుకుంది. ఆ ఏటికి మంచి పేరు ఇవ్వవలసి వస్తే నేను ఇచ్చేది ఆ చట్టాన్ని చూసే.

అర్థశాస్త్ర విద్యార్థి, హైదరాబాద్

పౌండు విలువ మార్చిలో తొలిసారిగా 2 డాలర్ల కిందికి జారింది. ధరలు ఏడాదిలో 16 శాతానికి పైగా పెరిగాయి. ఆఖరికి అంతర్జాతీయ ద్రవ్యనిధిని 390 కోట్ల డాలర్ల అప్పు అడగవలసి వచ్చింది. అయినా ఆ దశాబ్దంలో ధనికులకూ పేదలకూ మధ్య అంతరం తర్వాతి దశాబ్దాలతో పోలిస్తే బాగా తక్కువ. ప్రవాసి గారు చెప్పిన సూచీలో 1976 పైకి రావడానికి అది ఒక ముఖ్య కారణం. దానిని తేలికగా తీసివేయకూడదు. కానీ రాత్రిపూట సౌతాల్‌లో నడవడానికి పడిన భయాన్ని ఏ సూచీ ఎలా లెక్కించగలదు?

కార్డిఫ్ ప్రవాసి

అందరికీ కృతజ్ఞతలు. పాఠకురాలి గారి మొదటి జవాబు చదివాక అటక మీద నుంచి ఆల్బమ్ దించాను. వేల్స్ వేసవి ఫోటోలు 23 ఉన్నాయి. కుళాయి దగ్గర అమ్మ, బీటలు వారిన చెరువు గట్టు మీద నేను, ఆసుపత్రి మెట్ల మీద నాన్నగారు. మేము కూడా రీళ్ళు పోస్టులోనే పంపేవాళ్ళం. అవి ఏ సంస్థకు వెళ్ళాయో ఇప్పుడు చెప్పగలిగినవారు ఇంట్లో ఎవరూ లేరు.

ఇంకొకటి కూడా గుర్తుకు వచ్చింది. ఆ ఏడాది నాన్నగారు చీకటి పడ్డాక బస్సులో రావడం మానేసి, సహోద్యోగి కారు కోసం గంటసేపైనా ఆసుపత్రిలోనే ఆగేవారు. ఆలస్యానికి కారణం అడిగితే రోగులు ఎక్కువగా ఉన్నారని చెప్పేవారు. ఇన్నేళ్ళూ నేను ఆ మాట నమ్మాను.

"అత్యుత్తమ" అన్న మాటను నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ వేసవి మీద ప్రేమను మాత్రం తీసుకోలేను. ఇది చదువుతున్నవారిలో ఎవరి బంధువులైనా ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో ఫిల్మ్ కడిగే పనిలో ఉండి ఉంటే, దయచేసి ఇక్కడ రాయండి.