సిటీ ట్రిప్‌కు చౌక స్టూడియో అపార్ట్‌మెంట్: ఉన్నవాళ్లు మీ అనుభవం చెప్పండి

నడకప్రియుడు:
వచ్చే నెల నాలుగు రాత్రుల ట్రిప్. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప. హోటల్ కన్నా స్టూడియో చౌకగా కనిపిస్తోంది. ఒకటే గది, అందులోనే మంచం, సోఫా బెడ్, చిన్న వంటగట్టు. 24 చదరపు మీటర్లు అని రాశారు. ముగ్గురికి సరిపోతుందా?

కిటికీపక్క:
24 చదరపు మీటర్లంటే సుమారు 258 చదరపు అడుగులు. మామూలుగా బాత్రూమ్ కూడా అందులోనే లెక్క. ఫొటోలు చూసి అంచనా వేయకండి. వైడ్ యాంగిల్‌లో తీస్తే ఇరుకు గది కూడా హాలులా కనిపిస్తుంది. మేమున్న చోట సోఫా బెడ్ పరిస్తే బాత్రూమ్ తలుపు సగమే తెరుచుకునేది. రాత్రి పిల్లాడు లేచినప్పుడల్లా సోఫా జరపాల్సి వచ్చేది. పరుపు పరిచాక గది ఎలా ఉంటుందో ఒక ఫొటో పంపమని ఓనర్‌ని ముందే అడగండి.

లెక్కలమనిషి:
రాత్రి ధర చూసి ఆగిపోకండి. క్లీనింగ్ ఫీజు సాధారణంగా బస మొత్తానికి ఒకటే. ఒక్క రాత్రికైతే అదంతా మీద పడుతుంది, నాలుగు రాత్రులకు పంచుకుంటే తేలిక. టాక్సులు, సర్వీస్ ఫీజు కూడా కలిశాక చివర్లో వచ్చే మొత్తాన్ని రాత్రులతో భాగించి, దాన్ని హోటల్ ధరతో పోల్చండి. ఒకటి రెండు రాత్రులకైతే నేను హోటలే తీసుకుంటాను. మీకు నాలుగు కాబట్టి స్టూడియో గిట్టుబాటు కావచ్చు, వంట కూడా చేసుకుంటేనే సుమా.

వేకువ:
నిద్ర సంగతి ఎవరూ ఎత్తలేదు. స్టూడియోలో ఫ్రిజ్ మంచానికి నాలుగడుగుల్లోనే ఉంటుంది. పగలు దాని చప్పుడే తెలియదు. అర్ధరాత్రి కంప్రెసర్ టక్కున ఆన్ అయితే పైన పెట్టిన గ్లాసులు సన్నగా గలగలమనేవి. కాసేపటికి ఆగేది. ఆ నిశ్శబ్దానికి మళ్లీ మెలకువ! రెండో రాత్రి గ్లాసులు తీసేసి, ఫ్రిజ్‌ని గోడకు తగలకుండా అరచెయ్యంత ముందుకు లాగాను. మోత బాగా తగ్గింది, హాయిగా పడుకున్నాను. మంచం వీధి వైపు కిటికీ పక్కన ఉందా అన్నది కూడా చూసుకోండి.

పాలగిన్నె:
వంట అంటే ఒక మాట. పాపకి పాలు కాచడానికి అల్యూమినియం గిన్నె పట్టుకెళ్లాం. అక్కడ ఉన్నది ఇండక్షన్ స్టవ్. గిన్నె పెడితే బీప్ బీప్ అని ఆగిపోయేది. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నెలే దానిమీద పనిచేస్తాయి. ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించే మాగ్నెట్‌తో చూసుకుని వెళ్లండి. గీజర్ కూడా అడగండి. 15 లీటర్లదైతే వరసగా ముగ్గురు స్నానం చేయలేరు, మధ్యలో కాసేపు ఆగాలి.

నడకప్రియుడు:
ఇవన్నీ అసలు తట్టలేదండీ! కెమెరాల గురించి మా ఆవిడకి టెన్షన్‌గా ఉంది.

కిటికీపక్క:
ఆ టెన్షన్ సహజమే. ఎయిర్‌బీఎన్‌బీ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపల సెక్యూరిటీ కెమెరాలను పూర్తిగా నిషేధించింది. బయట ఉంటే లిస్టింగ్‌లో చెప్పి తీరాలి. వేరే సైట్‌లో బుక్ చేస్తే అక్కడి రూల్స్ చదవండి. ఎక్కడైనా సరే, లోపలికి అడుగుపెట్టగానే సంచులు విప్పకముందే గదంతా వీడియో తీయండి. గోడ మీద మరక, విరిగిన కుర్చీ అన్నీ వస్తాయి. డిపాజిట్ దగ్గర మాట పడకుండా నన్ను రెండుసార్లు కాపాడింది ఆ వీడియోనే.

వేకువ:
చివరి రోజు సామాన్లు ఎక్కడ పెడతారో కూడా అడగండి. స్టూడియోలకు చాలాచోట్ల రిసెప్షన్ ఉండదు. 11కి ఖాళీ చేసి, సాయంత్రం దాకా పెట్టెలు లాక్కుంటూ పాపతో తిరగడం చాలా కష్టం.

నడకప్రియుడు:
అందరికీ థ్యాంక్సండీ. ఓనర్ ఫొటో పంపారు. సోఫా విప్పాక మంచానికీ దానికీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటుంది, బాత్రూమ్ తలుపు పూర్తిగా తెరుచుకుంటోంది. సామాన్లు సాయంత్రం దాకా కింద స్టోర్ రూమ్‌లో పెట్టుకోమన్నారు. బుక్ చేసేశాను. పాలగిన్నె గారూ, మాగ్నెట్‌తో చూస్తే మా ఇంట్లో రెండే గిన్నెలు పనికొచ్చాయి, అవి సంచిలో పెట్టేశాం.