అప్‌డేట్: కాలిఫోర్నియాలో డాక్టర్‌పై ఉన్న ఫిర్యాదులు చూడొచ్చా?

జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. అడిగింది ఇదీ: ఒక డాక్టర్‌పై మెడికల్ బోర్డుకు (డాక్టర్లకు లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర సంస్థ) వెళ్లిన ఫిర్యాదులు మనకు కనిపిస్తాయా? లాయర్‌ని అడిగితే తేలింది, కనిపించవు. ఫిర్యాదు, విచారణ రెండూ గోప్యమే. సాధారణంగా డాక్టర్‌పై లాంఛనంగా 'అక్యుజేషన్' (అభియోగ పత్రం) దాఖలయ్యాకే విషయం బయటికొస్తుంది. అందుకే రికార్డు ఖాళీగా ఉందంటే ఫిర్యాదే లేదని అర్థం కాదు, ఇది చాలామంది పొరబడే చోటు.

పనికొచ్చిన సలహా: బోర్డు సైట్‌లో లైసెన్స్ సెర్చ్ చేసి, అక్కడున్న పబ్లిక్ డాక్యుమెంట్లు తెరిచి పూర్తిగా చదవడం. పేరు తర్వాత ఎం.డి. కాకుండా డి.ఓ. (ఆస్టియోపతిక్ డాక్టర్ డిగ్రీ) ఉంటే వాళ్లకు ఆస్టియోపతిక్ బోర్డు వేరే ఉంది, అక్కడ వెతకాలి. మాల్‌ప్రాక్టీస్ (వైద్యంలో నిర్లక్ష్యం) దావాలకు కౌంటీ సుపీరియర్ కోర్టు సివిల్ ఇండెక్స్ (కేసుల జాబితా) చూడండి.

పబ్లిక్ రికార్డ్స్ రిక్వెస్ట్ (ప్రభుత్వ రికార్డులు చూపమనే దరఖాస్తు) పెట్టినా లాభం లేదు, విచారణ ఫైళ్లను బయటపెట్టనక్కర్లేదని మినహాయింపు ఉంది.