చెంచాడా, చెంచెడా?

గోదారిగట్టు:
నిన్న రాత్రి 'అమృతం' పాత ఎపిసోడ్లు వరుసగా మూడు చూశాను. ప్రతిదానికీ ముందు ఆ టైటిల్ పాట వస్తుంది కదా, అందులో సిరివెన్నెల గారి "ఒక చెంచాడు భవసాగరాలు" దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ మనసు అక్కడే ఆగిపోతోంది. మా అమ్మమ్మ ఎప్పుడూ 'చెంచెడు నెయ్యి' అనేది. చెంచాడు అని మా ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. ఆయన రాసింది చెంచెడేనా, పాటలో సాగిందా? చిన్నప్పుడైతే చెంచాడు అంటే ఎవరో మనిషి అనుకున్నాను, చెంచాగిరీ చేసేవాడన్నమాట.

పాతపుస్తకాలు:
చాడే. దీర్ఘం స్పష్టంగా ఉంది. చారెడు, దోసెడు, గంపెడు, పుట్టెడు వీటన్నిట్లో చివరి అచ్చు పోయి 'ఎడు' వచ్చి చేరుతుంది. చెంచా అలా కాదు, చమ్చా నుంచి వచ్చిన మాట. అలా బయటి నుంచి వచ్చిన ఆకారాంతాలు దీర్ఘాన్ని వదులుకోవు. డబ్బాడు, సీసాడు అనమూ?

పల్నాటి పిల్ల:
సీసాడు మీరంటారేమో అండీ, మేం సీసెడు నూనె అంటాం. బయటి మాటైనా మనింట్లో నాలుగు తరాలు మెలిగాక ఇంటిపేరు మార్చుకుంటుంది. గ్లాసు చూడండి, గ్లాసెడు, గ్లాసుడు రెండూ నడుస్తున్నాయి. కాబట్టి చెంచెడు తప్పు కాదు, వాళ్ల అమ్మమ్మగారిదే ముదిరిన రూపం.

పాతపుస్తకాలు:
తప్పని నేననలేదు. పాటలో ఉన్నది చాడు అన్నాను. ఇంకోటి, పాత ముద్రణల్లో ఇది పుట్టెఁడు, దోసెఁడు అని అరసున్నతో ఉంటుంది. అంటే అక్కడ ఒకప్పుడు నకారం ఏదో ఉంది. అది 'నిండు' అని నా ఊహ. చెంబు నిండు, చెంబెఁడు. ఎన్నాళ్లుగానో ఈ మాట అంటున్నాను, ఎవరూ పట్టించుకోలేదు.

మానేరు:
మా కరీంనగర్ వైపు ఇప్పటికీ 'చెంచా నిండా' అనే వాడతాం అన్నా, చాడూ లేదు చెడూ లేదు. మీ ఊహకు మేం సాక్ష్యం. కానీ నిండులో మొదటి నకారం ఎటు పోయిందో చెప్పకపోతే ఒప్పుకోవడం కష్టం.

లెక్కల మాస్టారు:
అచ్చు సంగతి మీరు తేల్చుకోండి. నాకు ఆ మాటలో నచ్చేది కొలత. మనకి దుఃఖం ఎప్పుడూ పుట్టెడే. పుట్టి అంటే ఇరవై తూములు, తూముకి నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు, అంటే 320 మానికల దుఃఖం. ఆయన దాన్ని పట్టుకొచ్చి చెంచాలో పోశాడు. అదీ ఎవరికి? అమృత విలాస్ అని హోటల్ నడుపుకొనే ఇద్దరు స్నేహితులకి. వంటింట్లో బతికేవాళ్లకి కొలపాత్ర చెంచా కాక ఇంకేముంటుంది!

పల్నాటి పిల్ల:
మాస్టారూ, కొలత అన్నారు కనుక అడుగుతున్నాను. చెంచాడు అన్నాక 'ఒక' ఎందుకు? పుట్టెడు అంటేనే ఒక పుట్టి కదా.

లెక్కల మాస్టారు:
అది సంఖ్య కాదమ్మా. 'ఒక పది రూపాయలివ్వు' అంటామే, ఆ ఒక. సుమారుగా, ఏపాటిలే అని. ఆ ఒక్క మాటతో సముద్రం ఇంకా చిన్నదైంది.

తెనాలి శాస్త్రి:
ఇందాకటి నుంచీ చదువుతున్నాను, అసలు విషయం ఎవరూ ఎత్తడం లేదు. ఆ పాటలో పిలుస్తున్నది ఎవర్ని? ఆంజనేలుని. ఆంజనేయ శ్లోకం ఏమంటుంది? "గోష్పదీకృత వారాశిం మశకీకృత రాక్షసం". సముద్రాన్ని ఆవు గిట్ట గుంటంత చేశాడు, రాక్షసుల్ని దోమల్ని చేశాడు. ఇప్పుడు పాట మళ్లీ వినండి. ఆంజనేలు ఉన్నాడు, చెంచాలో పట్టే సాగరం ఉంది, ఆ తర్వాత రాత్రంతా దోమలతో యుద్ధం ఉంది! మూడూ ఒకే పాటలో ఊరికే పడతాయా? పైగా ఆ ఆంజనేలు వేషం వేసింది గుండు హనుమంతరావు గారు. శ్లోకంలో ఆయన సముద్రాన్ని దాటేశాడు, ఇక్కడ ఈయన చెంచాడులో ఈదుతూ ఆయాసపడుతున్నాడు. నా మటుకు నాకు ఇది తిరుగులేని అన్వయం.

మానేరు:
శాస్త్రి గారూ, చదివి ఒళ్లు జలదరించింది. కానీ హైదరాబాద్‌లో అద్దెకుండేవాళ్ల మీద పాట రాస్తే దోమలు రాకుండా ఎలా ఉంటాయండీ? శ్లోకం తెలియకపోయినా వస్తాయి. గిట్ట గుంటకి, చెంచాకి పోలిక మాత్రం ఒప్పుకుంటాను.

తెనాలి శాస్త్రి:
సిరివెన్నెల గారికి ఆ శ్లోకం తెలియకపోవడమా!

పాతపుస్తకాలు:
శ్లోకం దాకా ఎందుకు, భాగవతం ఉందిగా. హరి పాదాలు నావగా పట్టుకున్నవాళ్లకి భవసాగరం దూడ గిట్ట గుంటలో నీళ్లంతే అని దశమ స్కంధం మూలంలో ఉంది. ఇక్కడ ఉన్నది భవసాగరం, మీరు చెప్పింది ఉప్పు సముద్రం. కాబట్టి నాదే దగ్గర.

తెనాలి శాస్త్రి:
అందులో ఆంజనేయుడు లేడు, దోమలూ లేవు.

పల్నాటి పిల్ల:
భవం అనగానే నాకు పోతన గారే. "పలికెడిది భాగవతమట" పద్యంలో 'భవహరమగునట' దగ్గర ఆ 'అట' ఎంత వినయంగా ఉంటుందో! వాళ్లూ వీళ్లూ చెప్పగా విన్నాను, నాకేం తెలుసు అన్నట్టు. మా నాన్నగారు ఆ పద్యం చదివితే మూడో 'అట' దగ్గర గొంతు దిగిపోయేది. సముద్రాన్ని అట్టహాసం లేకుండా చిన్నది చేయడం తెలుగులో అక్కడే మొదలైందని నాకనిపిస్తుంది. సిరివెన్నెల గారిలోనూ ఆ నెమ్మది ఉంది, ధైర్యం చెప్పేటప్పుడు ఆయన గొంతు పెంచరు.

మానేరు:
అగస్త్యుణ్ణి మరిచిపోయారు. ఆయన సముద్రాన్ని పుడిసిట పట్టి తాగేశాడు. పుడిసెడు సాగరం! ఇదీ ఎడు మాటే. పుడిసెడు ఎంత మంచి మాట, ఇప్పుడు ఎవరూ వాడట్లేదు.

లెక్కల మాస్టారు:
పుడిసెడు అంటే ఒక అరచేయా, రెండు చేతుల దోసిలా? మా వైపు ఒక అరచేయి గుంటే పుడిసిలి, రెండూ కలిస్తే దోసిలి.

మానేరు:
ఒక చేయే మాస్టారూ. తీర్థం పట్టినట్టు.

గోదారిగట్టు:
అందరికీ దండాలు. శాస్త్రి గారి మాట చదివాక పాట మళ్లీ పెట్టుకుని విన్నాను, దోమల దగ్గర నిజంగా ఒక్క క్షణం ఆగాను. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. వేగం తగ్గించి విన్నా నాకు చాడు అనే వినబడుతోంది, పక్కనే కూర్చున్న మా అమ్మకి చెంచెడు అని వినబడుతోందట.

పాతపుస్తకాలు:
అమ్మగారికి వాళ్ల అమ్మ గొంతు వినబడుతోంది. అది చాడే.

పల్నాటి పిల్ల:
పుడిసిలి గురించి ఇంకో మాట. మా అత్తగారు పుడిసిలించడం అని క్రియగా కూడా అంటారు, మీలో ఎవరి ఇంట్లోనైనా ఉందా?